ట్యాబ్ కవర్ కొంటున్నారా? ముందు మూలలు చూడండి

నమస్తే అండీ. ఈరోజు టేబుల్ మీద రెండు ట్యాబ్‌లు, మూడు కవర్లు ఉన్నాయి. ట్యాబ్‌లలో ఒకటి శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్, ఇంకోటి పదో తరం ఐప్యాడ్. కవర్లేమో ఒకటి మూత మడిచి నిలబెట్టే ఫ్లిప్ కవర్, ఒకటి గుండ్రంగా తిరిగే 360 కవర్, ఒకటి పిల్లల కోసం వచ్చే హ్యాండిల్ ఉన్న ఫోమ్ కవర్. రంగు, డిజైన్ మీ ఇష్టం. మిగతాది మాట్లాడుకుందాం.

ఎక్కువమంది దెబ్బతినేది సైజు దగ్గరే. స్క్రీన్ అంగుళాలు చూసి ఆర్డర్ పెట్టేస్తారు. పదో తరం ఐప్యాడ్ 10.9 అంగుళాలు. ఐప్యాడ్ ఎయిర్ నాలుగో తరం, ఐదో తరం కూడా 10.9 అంగుళాలే. కానీ ఐప్యాడ్ మందం 7 మిల్లీమీటర్లు, ఎయిర్‌ది 6.1. పొడవు, వెడల్పుల్లో కూడా ఒక్కో మిల్లీమీటరు తేడా ఉంది. ఎయిర్‌ని ఐప్యాడ్ కవర్లో పెడితే లోపల కదులుతుంది. ఐప్యాడ్‌ని ఎయిర్ కవర్లో పెడితే నాలుగో మూల కూర్చోదు. బలవంతంగా నొక్కారంటే ఆ ఒత్తిడంతా గ్లాస్ అంచు మీదే పడుతుంది.

శాంసంగ్‌లో అయితే పేర్లతోనే తికమక. ఏ9 అంటే 8.7 అంగుళాలు. ఏ9 ప్లస్ అంటే 11. దానికి ముందొచ్చిన ఏ8 అంటే 10.5. ఏ8 కంటే ఏ9 ప్లస్ సెంటీమీటరు పొడవెక్కువ, కాబట్టి పాత కవర్ పనికిరాదు. పేరు వదిలేసి మోడల్ నంబర్ చూడండి. శాంసంగ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ ట్యాబ్లెట్ తెరిస్తే కనిపిస్తుంది. ఏ9 ప్లస్ వైఫై రకమైతే ఎస్ఎం-ఎక్స్210, 5జీ అయితే ఎస్ఎం-ఎక్స్216 అని మొదలవుతుంది. ఐప్యాడ్‌లో జనరల్, అబౌట్‌లో మోడల్ నంబర్ అన్న చోట ఒకసారి వేలితో తాకండి, 'ఏ' అక్షరంతో మొదలయ్యే నంబర్ వస్తుంది. పదో తరం వైఫైకి అది ఏ2696. కవర్ అమ్మేవాళ్లు ఈ నంబర్ రాయకపోతే అడగండి. చెప్పలేకపోతే వదిలేయండి.

ఇప్పుడు మూలలు. చేతిలోంచి జారిన ట్యాబ్ బల్లపరుపుగా పడటం తక్కువ, మూల మీద పడటం ఎక్కువ. అప్పుడు అరకిలో బరువు ఒక చిన్న చుక్క మీదకి వచ్చేస్తుంది. అల్యూమినియం ఫ్రేమ్ రవ్వంత వంగితే చాలు, అది గ్లాస్‌ని లోపలికి నెడుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే కవర్ వెనక భాగం ఎంత గట్టిగా ఉందన్నది నాకు రెండో విషయం.

ఈ ఫ్లిప్ కవర్ మూల చూడండి. బొటనవేలితో నొక్కుతున్నా, లోపలికి దిగింది, వదిలితే మళ్లీ పైకొచ్చింది. ఇది టీపీయూ, రబ్బరులా సాగే ప్లాస్టిక్. లోపల చిన్న గాలి అర కూడా ఉంది. దెబ్బ తగిలితే ఆ ఖాళీ నలుగుతుంది, ట్యాబ్ దాకా రాదు. ఇదే ధరలో గట్టి పాలీకార్బొనేట్ డొప్ప ఉన్నవీ దొరుకుతాయి. చేతికి దృఢంగా అనిపిస్తాయి గానీ మూల దగ్గరే పలచగా ఉంటాయి. రెండు మూడుసార్లు తీసి పెడితే అక్కడే చీలతాయి.

రెండో పరీక్షకి ఒక ఏటీఎం కార్డు తీసుకోండి, అంకెలు ఉబ్బెత్తుగా లేనిది. కార్డు మందం 0.76 మిల్లీమీటరు. స్క్రీన్ మీద, కవర్ అంచుకి ఆనించి పడుకోబెట్టి, కార్డు మీంచి అంచు వైపు గోటితో గీరండి. గోరు అంచుకి తట్టుకుని ఆగితే కవర్ కార్డు కంటే ఎత్తుగా ఉన్నట్టు. సాఫీగా జారిపోతే అది బోర్లా పడితే పనికొచ్చే కవర్ కాదు. టెంపర్డ్ గ్లాస్ వేయాలనుకుంటే అదే ఒక 0.3 మిల్లీమీటరు తినేస్తుంది, అది వేశాకే పరీక్షించండి. అలాగని అంచు మరీ ఎత్తుండకూడదు. కింది నుంచి పైకి స్వైప్ చేసేటప్పుడు వేలు స్క్రీన్ కొస వరకూ వెళ్లదు.

"మిలిటరీ గ్రేడ్" అని డబ్బా మీద ఉంటే మురిసిపోకండి. అమెరికా సైన్యం పరీక్షల పత్రం మిల్-ఎస్‌టీడీ-810లోంచి ఒక పద్ధతి తీసుకుంటారు. 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, కాంక్రీటు మీద పరిచిన ప్లైవుడ్ పైకి 26 సార్లు పడేయడం. ఆ 26 సార్లనీ ఐదు నమూనాల మధ్య పంచుకోవచ్చు. సైన్యం ఏ కవర్‌కీ సర్టిఫికెట్ ఇవ్వదు, పరీక్ష కంపెనీదే, ఫలితం చెప్పేదీ కంపెనీయే. పైగా మన ఇళ్లలో ఉన్నది ప్లైవుడ్ కాదు కదా, టైల్స్, గ్రానైట్.

360 కవర్ మాత్రం నేను కొనమని చెప్పను. ట్యాబ్‌ని నిలువుగా పెట్టి పీడీఎఫ్‌లు చదివేవాళ్లకి ఒక్కటే ఉపయోగం. చాలావాటిలో ట్యాబ్‌ని పట్టుకునేది నాలుగు మూలల్లో నాలుగు కొక్కేలే, మధ్య అంచులు బయటికే ఉంటాయి. వెనక తిరిగే ఈ ప్లాస్టిక్ రింగు ముందు వదులవుతుంది, తర్వాత ఊడుతుంది.

పదేళ్లలోపు పిల్లలుంటే ఫోమ్ కవరే. ఈవీఏ ఫోమ్, చెప్పుల అట్టలా తేలిగ్గా ఉంటుంది, మూలలు బాగా మందం. హ్యాండిల్ వెనక్కి మడిస్తే స్టాండ్ అవుతుంది. మూత ఉండదు కాబట్టి టెంపర్డ్ గ్లాస్ తప్పనిసరి. వేడి మాత్రం బయటికి పోదు. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిల్ చెబుతుంది. మన మే నెలలో అది గది లోపలే దాటిపోతుంది. ఛార్జింగ్ పెట్టాక వెనక వేడెక్కినట్టనిపిస్తే కవర్ తీసేయండి.

ఫ్లిప్ కవర్ మూతలో అయస్కాంతాలుంటాయి, మూస్తే స్క్రీన్ ఆరిపోతుంది, తెరిస్తే వెలుగుతుంది. మూతని పూర్తిగా వెనక్కి మడిచి చదువుతుంటే ఒక్కోసారి స్క్రీన్ దానంతటదే ఆరిపోతుంది. ట్యాబ్ పాడైపోయిందని కంగారు పడకండి, అయస్కాంతం సెన్సర్ దగ్గరికి చేరింది, అంతే. ఐప్యాడ్‌లో డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్‌లో లాక్/అన్‌లాక్ ఆపేస్తే సరి. మూత పైన తోలులా కనిపించేది పీయూ, అంటే తోలు కాదు, ప్లాస్టిక్ పూత. చెమటకీ తేమకీ పొరలు పొరలుగా రాలుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఉంటే గుడ్డ మూత తీసుకోండి.

పెన్ను వాడేవాళ్లకి ఒక మాట. ఐప్యాడ్ ఎయిర్‌కి వాడే యాపిల్ పెన్సిల్ (రెండో తరం) పక్క అంచుకి అతుక్కునే ఛార్జ్ అవుతుంది, ఆ పక్క కవర్ తెరిచి ఉండాలి. పదో తరం ఐప్యాడ్‌కి ఆ సౌకర్యం లేదు కాబట్టి పెన్ను పెట్టుకునే గాడి ఉంటే చాలు.

కవర్ రాగానే మొదట వెనక కెమెరా ఉన్న మూల కూర్చోబెట్టండి, తర్వాత దాని పక్క మూలలు, ఆఖరున ఎదుటి మూల. బటన్లు నొక్కి చూడండి, గట్టిగా నొక్కితేనే పని చేస్తే ఆ కవర్ వద్దు. మీరు రోజూ వాడే ఛార్జర్ కేబులే పెట్టండి. దాని తల లావుగా ఉంటే కవర్ రంధ్రానికి తట్టుకుని పూర్తిగా దిగదు, ఛార్జింగ్ వచ్చిపోతూ ఉంటుంది. తర్వాత ఒక నిమిషం వాయిస్ రికార్డ్ చేసి వినండి. గొంతు కుండలోంచి వచ్చినట్టుంటే మైక్ రంధ్రం మూసుకుపోయింది. వెనక కెమెరాతో ఒక ఫొటో కూడా తీయండి, కవర్ రంగు ఫొటో అంచున పడితే కెమెరా రంధ్రం ఇరుకైనట్టే. ఇవన్నీ అయ్యేదాకా డబ్బా, బిల్లు పారేయకండి. రిటర్న్‌కి అవే అడుగుతారు.