అది ముందు వైపు, ఇది వెనక వైపు

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడేది పదిమందిలో ఎవరూ నోరు విప్పని విషయం. క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుని, హమ్మయ్య గండం గడిచిందనుకున్నాక, కొన్ని నెలలకో ఏడాదికో విరేచనంలో కనిపించే రక్తం.

ఆ మధ్య నా దగ్గరికి ఒక మాస్టారు వచ్చారు. రిటైరయ్యారు. నాలుగు నెలలుగా రక్తం పడుతోంది. పైల్స్ అనుకుని తనే ఏదో ఆయింట్‌మెంట్ రాసుకుంటున్నారు. భార్యకి కూడా చెప్పలేదు. ఆయన ఉన్నట్టుండి ముదురు రంగు ప్యాంట్లే వేసుకోవడం చూసి ఆవిడే పట్టేసి, వెంటబెట్టుకొచ్చారు.

ఇంకేమైనా జబ్బులున్నాయా అంటే లేవన్నారు. పక్కనుంచి ఆవిడ, “అదేంటండీ, ప్రొస్టేట్‌కి కరెంటు పెట్టారు కదా!” అన్నారు. దానికి మాస్టారు, “అది ముందు వైపు, ఇది వెనక వైపు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?” అన్నారు.

సంబంధం ఉంది. కరెంటు పెట్టడమంటే రేడియేషన్ ఇవ్వడమే. మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి ప్రొస్టేట్. దానికి సరిగ్గా వెనకే పురీషనాళం, అంటే పేగు చివరి భాగం ఉంటుంది. గర్భాశయ ముఖద్వారానికీ అంతే, వెనక ఇల్లే. కిరణాలు ఎంత గురిపెట్టి పంపినా పక్కింటికి కొంత సెగ తగులుతుంది. ఆ సెగకి లోపలి రక్తనాళాలు మెల్లమెల్లగా మూసుకుపోతాయి. వాటి బదులు పుట్టుకొచ్చే కొత్త నాళాలు మరీ పలచన. మలం కాస్త గట్టిగా వస్తే చాలు, చిట్లుతాయి.

కెమెరా పెట్టి చూస్తే గోడంతా ఎర్రటి సన్నని గీతలు. మాస్టారు స్క్రీన్ వైపు చూసి, “నేను దిద్దిన పేపర్లలాగే ఉందండీ” అన్నారు. నాకు నవ్వాగలేదు.

ఇక్కడే అసలు సంగతి. మామూలుగా అనుమానంగా కనిపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాం. కానీ సెగ తగిలిన పురీషనాళం ముందు వైపు గోడకి రక్తం సరిగా అందదు. అక్కడ ముక్క తీస్తే ఆ గాయం మానకపోవచ్చు. పుండు పడొచ్చు, ఒక్కోసారి పక్క అవయవంలోకి దారే పడొచ్చు. అందుకే, రేడియేషన్ తీసుకున్న సంగతి పరీక్ష చేసే డాక్టరుకి ముందే చెప్పండి. అడగకపోయినా చెప్పండి. అయిదేళ్ల కిందటి మాటైనా చెప్పండి. అలాగని పరీక్ష మానేయకూడదు. ఆ రక్తం మరో క్యాన్సర్ వల్ల కూడా కావచ్చు, అది తేల్చుకోవాలి.

ఇక వైద్యం. ఎప్పుడో ఒకసారి కొంచెం పడేవాళ్లకి, మలం గట్టిపడకుండా చూసుకుంటే చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది. మాస్టారికి ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది కాబట్టి ఐరన్ మాత్రలిచ్చాం. రెండో రోజే ఫోన్, “నల్లగా వస్తోంది!” అని. అది ఐరన్ రంగేనని చెప్పడం నేను మరిచిపోయాను, తప్పు నాదే. కడుపులో పుండుకి తాగే సుక్రాల్ఫేట్ మందుని ఎనిమాగా ఎక్కించాం. తగ్గింది కానీ ఆగలేదు.

అప్పుడు ఆర్గాన్ ప్లాస్మా చేశాం. ఆర్గాన్ వాయువు ద్వారా కరెంటు పంపి, గోడని తాకకుండానే ఆ నాళాల్ని పైపైన మాడ్చేస్తారు. “కరెంటుతో వచ్చిందానికి మళ్లీ కరెంటా?” అన్నారు మాస్టారు. దీనికి ముందు పేగు పూర్తిగా ఖాళీ కావాలి. పేగులో మండే వాయువులుంటే నిప్పురవ్వకి అంటుకునే ప్రమాదం ఉంది. కడుపు శుభ్రం చేసే మందు సగం తాగి పారబోయకండి మరి. కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చేశాక ఆయనకి ఆగింది. దీనికీ లొంగకపోతే ఫార్మలిన్ అనే రసాయనం పూయడం, పీడనం పెంచిన గదిలో ఆక్సిజన్ పీల్పించడం లాంటివి ఉన్నాయి. గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపొద్దు, అడగండి.

మాస్టారు మొన్న మళ్లీ వచ్చారు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. ఏ అవయవానికి, ఏ నెలలో, ఎన్ని రోజులు కరెంటు పెట్టారో గుండ్రటి దస్తూరీతో రాసి ఉంది. పంటి డాక్టరుకి కూడా చూపించారట.