విమానం కాజీపేట బండి కాదు: చిన్న ఎయిర్‌పోర్టులో గబగబా తినేదెట్లా?

(స్క్రీన్ మీద: 10:00 కొట్టేసి, 9:35)

నమస్తే. "ఫ్లైటు పదింటికి కదా, తొమ్మిది ముప్పావు దాకా నిమ్మళంగా తినొచ్చు." ఈ మాట వింటే పానం ఉసూరుమంటది.

కాజీపేటల బండి ఆగితే ఏం చేస్తం? దిగి ఇడ్లీ పొట్లం కట్టించుకుంటం, ఒక కన్ను సిగ్నల్ మీద పెడతం. విమానానికి ఆ లెక్క నడవది. దేశంలోపలి ఫ్లైట్లకు బోర్డింగ్ గేటు మామూలుగా 25 నిమిషాల ముందే మూస్తరు. అంటే పదింటి ఫ్లైటుకు మీ సిగ్నల్ 9:35కే పడ్డట్టు. విమానం అద్దంలకెళ్లి కనిపిస్తనే ఉంటది, ఎక్కనియ్యరు.

వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిల కేంద్రం అనుమతిచ్చింది. అది మొదలైనా, రాజమండ్రి, కడప అసొంటి చోటికి పోయినా తిండి దగ్గర చిక్కు ఒక్కటే. సెక్యూరిటీ దాటినంక కౌంటర్లు ఒకటో రెండో ఉంటయి. ఏటీఆర్-72 విమానంల డెబ్బైకి పైన సీట్లు. ఇరవై మంది ఒక్కసారి టీ అడిగితే, మనిషికి నిమిషం వేసినా ఇరవై నిమిషాలు. కాజీపేటల కిటికీ కిటికీకి అమ్మేటోళ్లు వస్తరు, ఇక్కడ మనమే వరుసల నిలబడాలె. అందుకే చెకింగ్ అయిన వెంటనే కొనుండ్రి, కూసున్నంక కాదు.

గాజు పెట్టెల వేడిగున్నదే అడగుండ్రి. పఫ్ కింద కాగితం నూనెతో తడిసి, పైపొర మెత్తగుంటే అది చాలాసేపటిది, వద్దు. కప్పు నూడుల్స్ అసలే వద్దు: నానడానికి నాలుగైదు నిమిషాలు, చల్లారడానికి ఇంకొన్ని. చిన్న ఎయిర్‌పోర్టుల విమానం దాకా నడిచి మెట్లెక్కుడుంటది, చేతిల వేడి కప్పు పట్టుకొని ఎక్కితే ఒలుకుతది, కాలుతది. టీ అయినా గేటు దగ్గర్నే తాగుండ్రి.

అసలు ఇంటి తిండి తేనియ్యరనేది ఉత్తదే. గట్టి పదార్థాలు చెకింగ్‌ల పోతయి. నన్నడిగితే విమానానికి సర్వపిండిని మించింది లేదు. గిన్నెల ఒత్తేటప్పుడు పలుచగా ఒత్తి, వేలితోని పెట్టిన బొక్కలల్ల నూనె పోసి, ఆ అంచులు ఎర్రగయ్యేదాకా కాల్చాలె. పూర్తిగా చల్లారినంకనే డబ్బల పెట్టుండ్రి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీళ్లయి కిందికి జారుతది, రొట్టె సాగుతది. సకినాలైతే స్టీలు డబ్బల పరిచి, పైన కాగితం కుక్కుండ్రి, లేకుంటే దిగేసరికి పిండే.

(స్క్రీన్ మీద: టైం అయిపోతున్నది)

మిగిలినయి జల్ది చెప్త. నూనె తేలే పచ్చడిని హ్యాండ్ బ్యాగుల ఆపుతరు, గట్టిగ మూతపెట్టి చెకిన్ సామానుల (కౌంటర్ల అప్పజెప్పే బ్యాగుల) వెయ్యుండ్రి. ఎండు కొబ్బరి చెకిన్ సామానుల పెట్టొద్దు, దాంట్ల నూనె ఉంటది, అంటుకునే గుణం. అంతర్జాతీయ ఫ్లైటైతే పెరుగును ద్రవం కిందే లెక్కేస్తరు, 100 మిల్లీలీటర్లు దాటొద్దు. పైకి పోయినంక గాలి ఒత్తిడి తగ్గి చిప్స్ ప్యాకెట్, పెరుగు కప్పు ఉబ్బుతయి. కప్పు మూత ఒక్క మూలకెళ్లి మెల్లగ లేపుండ్రి, గుంజితే అంగి మీద పడతది.