ఛాతీ మీద పక్షి

శ్రోతలందరికీ నమస్కారం.

19వ శతాబ్దం చివర్లో చైనా నుంచి వేరే దేశాలకు వెళ్లి స్థిరపడినవాళ్ల ఫొటోలు కొన్ని ఉన్నాయి. మోకాళ్లు దాటిన నల్లటి పైకోటు, మెడలో పొడవాటి పూసల దండ, తల మీద అంచులు పైకి తిరిగిన టోపీ. చూడగానే ఎవరో మంత్రిగారు అనిపిస్తుంది. నిజానికి ఆయన మలయాలో తగరం గనులున్న వ్యాపారి కావచ్చు, సిడ్నీలో టీ అమ్ముకునే ఆయనా కావచ్చు.

ఇలాంటి ఫొటో ఎదురైతే మనం మొదట ముఖం చూస్తాం. ఈ ఒక్కసారికి ముఖం వదిలేయండి. ఛాతీ చూడండి.

అక్కడ చదరంగా కుట్టిన ఒక గుడ్డ ముక్క ఉంటుంది. దాని మీద పక్షి గానీ, జంతువు గానీ ఉంటుంది. పక్షి ఉంటే చైనా చక్రవర్తి కొలువులో పౌర అధికారి, జంతువు ఉంటే సైనిక అధికారి. హోదాలు మొత్తం తొమ్మిది, ఒక్కో హోదాకి ఒక్కో పక్షి. మొదటి హోదాకి కొంగ జాతి పక్షి, మూడో దానికి నెమలి, నాలుగో దానికి అడవి బాతు. ఐదో హోదాకి తోక పొడుగ్గా ఉండే వెండిరంగు ఫెజెంట్ అనే కోడి జాతి పక్షి. మూలన ఉన్న సూర్యుడి వైపు తలెత్తి చూస్తుంటుంది ఏ పక్షయినా. సూర్యుడంటే చక్రవర్తి అన్నమాట. కోటు ముందువైపు తెరుచుకుంటుంది కాబట్టి ఛాతీ మీది చదరం మధ్యకి రెండు ముక్కలుగా ఉంటుంది, బొత్తాలు పెట్టుకుంటే పక్షి కలుస్తుంది. వెనక వీపు మీది చదరం మాత్రం ఒకటే ముక్క. మెడలో దండకి 108 పూసలు. అవును, మన జపమాలకున్నన్నే. బౌద్ధుల జపమాల నుంచి వచ్చిన దండే అది. పౌర అధికారుల్లో ఐదో హోదా, ఆపైన ఉన్నవాళ్లే దాన్ని వేసుకోవాలి.

సరే, వివరాలు చాలు. నాకున్న కాసేపట్లో ఒక్క మనిషి గురించి చెబుతాను. పేరు క్వాంగ్ టార్ట్.

1850లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్ల పిల్లాడిగా 1859లో ఒక బంధువు వెంట ఆస్ట్రేలియా వచ్చాడు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో బ్రెయిడ్‌వుడ్ దగ్గర అప్పుడు బంగారం తవ్వుతున్నారు. పిల్లాడు మొదట ఒక స్కాట్లాండ్ ఆయన కొట్లో ఉన్నాడు. తర్వాత సింప్సన్ అనే కుటుంబం వాళ్లు చేరదీసి పెంచారు. ఇంగ్లీషు వచ్చేసింది, అదీ స్కాట్లాండ్ యాసతో! పెద్దయ్యాక సభల్లో స్కాట్లాండ్ పాటలు పాడేవాడు, అక్కడి కవి రాబర్ట్ బర్న్స్ కవితలు అప్పజెప్పేవాడు. వినేవాళ్ల ముఖాలు ఎలా ఉండేవో నాకు చూడాలనిపిస్తుంది.

1881లో చైనా వెళ్లొచ్చి సిడ్నీలో టీ వ్యాపారం పెట్టాడు. వచ్చినవాళ్లకి ముందు ఊరికే రుచి చూపించేవాడు. రుచి చూసినవాళ్లు మళ్లీ వచ్చారు. కొట్లు పెరిగి టీ గదులయ్యాయి. 1898లో పూర్తయిన క్వీన్ విక్టోరియా మార్కెట్ భవనంలో పెద్ద హాలు తీసుకున్నాడు. ఆడవాళ్లు నలుగురిలో నిశ్చింతగా కూర్చుని టీ తాగే చోట్లు ఊళ్లో తక్కువగా ఉన్న కాలం అది. ఓటు హక్కు కోసం పోరాడుతున్న మహిళలు ఆయన టీ గదుల్లో సమావేశమయ్యేవారు. పనివాళ్లకి జబ్బు చేస్తే జీతంతో సెలవిచ్చేవాడు. ఆ రోజుల్లో అలా ఇచ్చే యజమానులు ఎందరుండేవారు!

1886లో మార్గరెట్ స్కార్లెట్ అనే ఇంగ్లండ్ అమ్మాయిని, ఒక టీచరుని పెళ్లి చేసుకున్నాడు. మామగారికి ఇష్టం లేదు, పెళ్లికి రాలేదు. మరుసటి ఏడాది, 1887లో, చైనా చక్రవర్తి ఆయనకి ఐదో హోదా ఇచ్చాడు. 1894లో నాలుగో హోదాకి పెంచారు.

రోజూ మాత్రం ఆయన సూటూ కోటూ వేసుకునే మనిషే. మన దగ్గర రావు బహదూర్ బిరుదొచ్చిన పెద్దమనిషి తలపాగా చుట్టి, పతకం పెట్టుకుని స్టూడియోకి వెళ్లినట్టు, ఆయనా తన హోదా దుస్తులు వేసుకుని కెమెరా ముందు నిలబడ్డాడు. దాన్ని దర్పం అనుకోవచ్చు. నేను అనుకోను. ఎందుకంటారా?

ఆ ఏళ్లు చూడండి. 1881లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం అక్కడికొచ్చే ప్రతి చైనా మనిషి మీద 10 పౌన్ల పన్ను వేసింది. 1888లో దాన్ని 100 పౌన్లు చేసింది. 10 నుంచి 100! అదే ఏడాది మే నెలలో చైనా వాళ్లతో వచ్చిన ‘అఫ్గాన్’ అనే ఓడ మీద సిడ్నీలో పెద్ద గొడవ జరిగింది. వాళ్లని దిగనివ్వొద్దని జనం పార్లమెంటు దాకా ఊరేగింపుగా వెళ్లారు. ఇలాంటి ఊళ్లో ఒక చైనా మనిషి తన దేశపు అధికారి దుస్తుల్లో ఫొటో దిగడమంటే, మేమూ ఒక రాజ్యం నుంచి వచ్చినవాళ్లమే అని మాట మాట్లాడకుండా చెప్పడం. నాకలాగే తోస్తుంది.

ఆయన నోటితోనూ చెప్పాడు లెండి. నల్లమందు దిగుమతి ఆపమని పిటిషన్లు పెట్టాడు. చైనా వాళ్ల మీద వచ్చిన ఆరోపణలు విచారించడానికి 1891లో వేసిన రాయల్ కమిషన్‌లో సభ్యుడిగా కూర్చున్నాడు.

1902 ఆగస్టులో ఆయన ఆఫీసులోనే ఒక దొంగ ఇనుప కడ్డీతో తల పగలగొట్టాడు. ఆ దెబ్బ నుంచి పూర్తిగా తేరుకోలేదు. 1903 జూలైలో పోయాడు. నాలుగో హోదా అధికారి దుస్తులు తొడిగి, దాని మీద ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వాళ్లు కట్టుకునే ఏప్రన్ కప్పి, రూక్‌వుడ్ శ్మశానంలో ఖననం చేశారు.

ఇంకొక్క నిమిషం ఉంది. అందరూ హోదాని ఇంత కష్టపడి సంపాదించుకున్నారని అనుకోకండి. చైనా ప్రభుత్వానికి డబ్బు అవసరమై హోదాలు అమ్మింది. సింగపూర్, పెనాంగ్ ధనవంతులు చాలామంది కొనుక్కున్నారు. అది వేరే కథ.

ఇప్పుడు పనికొచ్చే మాట ఒకటి. ఇలాంటి పాత ఫొటో నెట్‌లో కనిపిస్తే, ఛాతీ దగ్గర పెద్దది చేసి చూడండి. టోపీ మీది పూస రంగుని బట్టి కూడా హోదా చెప్పొచ్చు గానీ, నలుపు తెలుపు ఫొటోలో ఆ రంగు తెలియదు. పక్షి తోక తెలుస్తుంది. అంచులు వంపులు తిరిగిన పొడుగాటి ఈకలుంటే ఐదో హోదా. తోక పొట్టిగా ఉండి, ఒంటి మీద కామాల్లాంటి మచ్చలుంటే నాలుగోది. క్వాంగ్ టార్ట్ ఫొటో అయితే, ఆయన తన హోదా చదరమే తొడుక్కున్నాడనుకుంటే, పొడుగు తోక 1887కీ 1894కీ మధ్యది, పొట్టి తోక 1894 తర్వాతది.

అసలు ఫొటో చేతికొస్తే, దాన్ని అంటించిన అట్ట వెనకా చూడండి. స్టూడియో పేరు, వీధి పేరు అచ్చేసి ఉంటాయి. స్టూడియోలు తరచూ చోటు మారేవి కాబట్టి ఆ చిరునామాతో కూడా ఏడాది పట్టుకోవచ్చు. ఇంట్లో తాతల ఫొటోలు స్కాన్ చేయించేటప్పుడు షాపతను వెనకవైపు వదిలేస్తాడు. రెండు వైపులా చేయమని ముందే చెప్పండి.

నమస్కారం.