కుదించిన సీజన్‌లో సీనియర్ జట్టు

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు ఐస్ హాకీ గురించి, ముఖ్యంగా వయసు మీద పడిన ఆటగాళ్లు ఎక్కువగా ఉన్న జట్ల గురించి మాట్లాడతాను.

ఉత్తర అమెరికాలో జరిగే నేషనల్ హాకీ లీగ్‌లో కొన్ని దశాబ్దాలుగా ఒక్కో జట్టు సీజన్‌కు 82 మ్యాచ్‌లు ఆడుతూ వచ్చింది. అక్టోబరులో మొదలైతే ఏప్రిల్ దాకా అదే పని. ఆ పైన లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్ కోసం ప్లేఆఫ్స్. వాటిలో ఒక్కో రౌండులో ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టే నిలుస్తుంది. యజమానులకూ ఆటగాళ్లకూ ఒప్పందం కుదరకపోవడంతో 1995లో ఒకసారి, 2013లో మరోసారి సీజన్ జనవరిలో గానీ మొదలు కాలేదు. రెండుసార్లూ 48 మ్యాచ్‌లే జరిగాయి. కరోనా కారణంగా 2021లో 56కు కుదించారు. మ్యాచ్‌లు తగ్గాయి కాబట్టి ముప్పై అయిదేళ్లు దాటినవాళ్లకు ఇది వరమేనని, ప్లేఆఫ్స్ నాటికి వాళ్ల కాళ్లలో సత్తువ మిగిలి ఉంటుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను.

క్యాలెండర్ చూడండి. 2013లో జనవరి 19న మొదలైన సీజన్ ఏప్రిల్ చివరికి ముగిసింది. నూరు రోజుల్లో 48 మ్యాచ్‌లు, అంటే దాదాపు రోజు విడిచి రోజు ఆట. తగ్గింది మ్యాచ్‌ల సంఖ్య ఒక్కటే కాదు. ఒక మ్యాచ్‌కూ మరో మ్యాచ్‌కూ మధ్య దొరికే విశ్రాంతి కూడా తగ్గిపోయింది. వయసు పెరిగిన శరీరానికి కావలసింది ఆ విశ్రాంతే. హాకీలో ఆటగాడు మంచు మీద ఒక విడతకు ముప్పావు నిమిషం మాత్రమే ఉంటాడు. ఆ ముప్పావు నిమిషమూ ఒంట్లో ఉన్న శక్తినంతా పెట్టి పరుగు తీయాలి, గోడకు గుద్దుకోవాలి, ఎదుటివాణ్ణి భుజంతో ఆపాలి. అడ్డుగోడ దూకి బెంచీ మీద కూలబడి, ఊపిరి సర్దుకునేలోపే మళ్లీ పిలుపు వస్తుంది. రాత్రికి ఇలాంటి విడతలు ఇరవైకి పైనే. ఇరవై రెండేళ్ల కుర్రాడు మర్నాటికి మామూలు మనిషి అవుతాడు. ముప్పై ఏడేళ్లవాడికి మూడో రోజున కూడా నడుము పట్టేసి ఉంటుంది. ఆ మూడో రోజుకల్లా అతను మరో ఊళ్లో మరో మ్యాచ్ ఆడుతూ ఉంటాడు.

గాయాల లెక్క ఇంకా కఠినం. తొడ కండరం పట్టేసి ఒక ఆటగాడు మూడు వారాలు కూర్చున్నాడనుకోండి. సుమారు పది మ్యాచ్‌లు పోతాయి. 82 మ్యాచ్‌ల సీజన్‌లో అది ఎనిమిదో వంతు. 48 మ్యాచ్‌ల సీజన్‌లో ఐదో వంతు. అతను తిరిగి వచ్చేసరికి జట్టు పట్టికలో ఎక్కడికి జారిపోయి ఉంటుందో చెప్పలేం. పైగా 2013లో సీజన్‌కు ముందు శిక్షణ శిబిరం నిండా వారం కూడా లేదు, సన్నాహక మ్యాచ్ ఒక్కటీ లేదు. నెమ్మదిగా వేడెక్కే శరీరాలు తిన్నగా యుద్ధంలోకి దిగాయి.

న్యూయార్క్ రేంజర్స్ 1994లో యాభై నాలుగేళ్ల తర్వాత కప్పు గెలిచారు. కెప్టెన్ మార్క్ మెస్సియర్. మరుసటి సీజనే కుదించినది. అప్పటికి మెస్సియర్‌కు 34 ఏళ్లు. ఆ 48 మ్యాచ్‌లలో రేంజర్స్ 22 గెలిచి, 23 ఓడి, 3 డ్రా చేసుకుని, తమ విభాగంలో ఎనిమిదో స్థానంతో ప్లేఆఫ్స్‌లోకి ఎలాగో చొరబడ్డారు. నెమ్మదిగా మొదలుపెట్టి ఫిబ్రవరి తర్వాత పుంజుకునే వ్యవధి వాళ్లకు లేకపోయిందని నా నమ్మకం. కానీ చూడండి, తొలి రౌండులో అదే విభాగంలో అగ్రస్థానంలో ఉన్న క్విబెక్‌ను ఓడించారు! అనుభవం ఎక్కడికీ పోలేదు. తర్వాతి రౌండులో ఫిలడెల్ఫియా నాలుగుకు నాలుగూ గెలిచి వాళ్లను ఇంటికి పంపింది.

మరి పాతకాపులకు కలిసివచ్చేది ఏదీ లేదా? ఉంది. అది కాళ్లలో కాదు, తలలో ఉంటుంది. సాధనకు సమయం లేనప్పుడు, ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్లకు కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ. సహచరుడు ఎటు తిరుగుతాడో చూడకుండానే తెలుస్తుంది. 2013లో కప్పు గెలిచిన చికాగో బ్లాక్‌హాక్స్ మొదటి 24 మ్యాచ్‌లలో ఒక్కసారి కూడా పాయింటు లేకుండా వెనుదిరగలేదు. వాళ్లు ముసలివాళ్లేమీ కాదు. జట్టు ముఖ్యులు జొనథన్ టేవ్స్, పాట్రిక్ కేన్ ఇద్దరికీ ఆ సీజన్ మొదలయ్యేనాటికి పాతికేళ్లు నిండలేదు. కానీ 2010లో కప్పు గెలిచిన జట్టులోని ముఖ్యులు ఇంకా కలిసే ఉన్నారు. ఆ కలివిడితనం వయసుతో సంబంధం లేకుండా పనిచేసింది.

ఆ ఏడు ఫైనల్లో చికాగో చేతిలో ఓడిన బోస్టన్ జట్టులో 41 ఏళ్ల యారొమీర్ యాగర్ ఉన్నాడు. ఆ ప్లేఆఫ్స్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్క గోలూ కొట్టలేకపోయాడు. తాను కొట్టలేదు గానీ పది గోల్స్‌కు పాస్‌లు అందించాడు. నాకు ఆ అంకెలు ఎన్ని గోల్స్ కన్నా ఎక్కువ చెబుతాయి. వేగం తగ్గింది, చూపు తగ్గలేదు. పక్, అంటే ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల, ఎటు పోవాలో తెలుసు, అక్కడికి తాను ముందుగా చేరడమే కష్టమైంది.

ఇక మాంట్రియాల్. 2021లో ప్లేఆఫ్స్‌కు చేరిన 16 జట్లలో అందరికన్నా తక్కువ పాయింట్లు వాళ్లవే. సీజన్ మధ్యలో వైరస్ వల్ల ఆట ఆగడంతో మిగిలిన మ్యాచ్‌లు మరింత ఇరుకున పడ్డాయి. ఎరిక్ స్టాల్, కోరీ పెర్రీ ఇద్దరికీ 36 ఏళ్లు. కెప్టెన్ షే వెబర్‌కు 35. గోల్‌కీపర్ కేరీ ప్రైస్ గాయంతో చివరి వారాలు బయటే ఉండిపోయాడు. బహుశా ఆ విరామమే అతనికి మేలు చేసింది. టొరంటోపై మూడు ఒకటితో వెనకబడి కూడా గెలిచారు, విన్నిపెగ్‌ను వరుసగా నాలుగుసార్లు ఓడించారు, వేగస్‌నూ దాటి ఫైనల్‌కు చేరారు. అక్కడ టాంపా బే ఐదు మ్యాచ్‌లలో పని ముగించింది.

వెబర్ ఆ ప్లేఆఫ్స్ అంతా దెబ్బతిన్న శరీరంతోనే ఆడాడు. జూలై 7న జరిగిన ఆఖరి మ్యాచ్ తర్వాత అతను మళ్లీ ఏ మ్యాచ్‌లోనూ మంచు మీద అడుగు పెట్టలేదు.