పసిపిల్లలతో శ్రీలంక: టికెట్ కొనేముందు గాలి ఎటు వీస్తుందో చూసుకోండి

(ఆర్కే బీచ్, పొద్దున్న ఆరు. ఇద్దరు పిల్లలు ఇసుకలో గోతులు తీస్తుంటారు.)

నమస్తే అండీ. మావాడికి ఆరేళ్లు, చిన్నదానికి మూడు. ఇంటి ముందే సముద్రం ఉన్నా పిల్లల్ని మడమలు దాటి దిగనివ్వం. ఇక్కడ కెరటం ఎలా లాగుతుందో విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే శ్రీలంక అనుకున్నాం. మన టైమే వాళ్ల టైమూ, పిల్లల నిద్ర చెడదు.

కిందటేడు జూన్‌లో వెళ్లి పడమటి తీరాన బెంతోటలో గది తీసుకున్నాం. సగం రేటుకే ఎందుకు ఇస్తున్నారో బుక్ చేసినాయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఉన్నన్నాళ్లూ బీచ్‌లో ఎర్రజెండాయే. పిల్లలు కిటికీ అద్దానికి ముక్కులు ఆనించి కూర్చున్నారు.

(తెర మీద శ్రీలంక పటం.)

చిన్న దేశమే గానీ వానాకాలాలు రెండు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి పడమర, దక్షిణ తీరాల్ని కొడుతుంది. మధ్యలో ఉన్న కొండలు ఆ మేఘాల్ని ఆపేస్తాయి కాబట్టి ట్రింకోమలీ, పాసికుడా ఉన్న తూర్పు తీరం అప్పుడు పొడిగా ఉంటుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలికి తూర్పు తడుస్తుంది. అంటే వేసవి సెలవులకి తూర్పు, సంక్రాంతికి దక్షిణం. దసరా తర్వాత మాత్రం నేనైతే వద్దంటాను. అక్టోబర్, నవంబర్‌లలో అక్కడ దాదాపు అంతటా వానలే, ఇక్కడ మనకీ తుఫాన్ల భయమే. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12నే కదా!

ఈ మే నెలలో పాసికుడా వెళ్లాం. నీళ్లు మోకాలి లోతులోనే చాలా దూరం పోతాయి. చిన్నది కాసేపు నిలబడి చూసి, "నాన్నా, కెరటాలేవీ?" అంది.

కొలంబో నుంచి అక్కడికి దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు. ఒక్క రోజులో లాగించకండి, హబరణలో రెండు రాత్రులు ఆగండి. పక్కనే ఉంది కదా అని సిగిరియా కొండకోట మాత్రం ఎక్కకండి. 1,200 మెట్లు పిల్లలు ఎక్కరు, వాళ్లని ఎత్తుకుని మీరు ఎక్కాలి.

(చిన్న మట్టికుండ, మూత తీస్తే గడ్డ పెరుగు.)

తిండికి బెంగ వద్దు. "పరిప్పు, కారం వద్దు" అంటే పప్పు వస్తుంది. రోడ్డు పక్కన కుండల్లో గేదె పెరుగు అమ్ముతారు. మావాళ్లు అన్నం, పెరుగుతోనే బతికేశారు.

మలేరియా అక్కడ లేదని డబ్ల్యూహెచ్‌ఓ 2016లోనే ప్రకటించింది. డెంగీ మాత్రం ఉంది. ఆ దోమ పగలే కుడుతుంది కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే చాలదు, పొద్దున్నా సాయంత్రం ఒళ్లంతా కప్పే నూలుబట్టలు వేయండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ని లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసుకి కాస్త అని కాదు.

పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది, తేదీ చూసుకోండి. ఇంకోటి, ప్రయాణం మధ్యలో బిడ్డకి రెండేళ్లు నిండితే తిరుగు విమానంలో ఒళ్లో కూర్చోబెట్టుకోనివ్వరు, సీటు కొనాలి. మాకది కొలంబో కౌంటర్ దగ్గర తెలిసింది.