పంచె మూలన నల్ల గుర్తు

వ్యాఖ్యాత: మళ్లీ స్వాగతం. ఇవాళ మన విషయం ఇంట్లో పాతకాలపు ఉతుకుడు, గంజి, ఇస్త్రీ. కాలేజీలో హోమ్ సైన్స్ చెప్పి రిటైరైన మేడంగారు స్టూడియోలో ఉన్నారు. హలో, చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారమండి. గుంటూరు బ్రాడీపేట నుంచండి. మా మామగారి పంచెల చాపు ఒకటి ఇనప్పెట్టెలో దొరికింది. వచ్చేనెల ఆయన సంవత్సరీకం. ఆ రోజు మావారు అదే కట్టుకుంటానంటున్నారు. తీసి చూస్తే మడతల దగ్గరంతా పచ్చబడిపోయిందండి.

మేడం: గంజి పెట్టి దాచారా అమ్మా?

మొదటి శ్రోత: అవునండి. మా అత్తగారు ఇస్త్రీ చేయించందే లోపల పెట్టనిచ్చేవారు కాదు. ఇప్పుడు పట్టుకుంటే అప్పడంలా ఉంది.

మేడం: అక్కడే వచ్చింది చిక్కు. గంజి కట్టుకునే రోజుకే గానీ దాచుకునే బట్టకి పనికిరాదు. పురుగులకి అది తిండి. పైగా మడత దగ్గర నూలు విరుగుతుంది. మీరు దాన్ని లాగి విప్పకండి. వెడల్పాటి టబ్బులో చన్నీళ్లు పోసి మడత మడతగానే వేసేయండి. మెత్తబడి అదే విడిపోతుంది. రాత్రంతా నాననిచ్చి, పొద్దున ఆ నీళ్లు పారబోసి మళ్లీ మంచినీళ్లు పోయండి. అంచు నూలుదా, జరీదా?

మొదటి శ్రోత: సన్న జరీ అండి.

మేడం: అయితే బ్లీచింగ్ పౌడరు మాటే ఎత్తకండి, జరీ నల్లబడుతుంది. కుంకుడుకాయలు గింజ తీసి నానబెట్టి, ఆ రసంలో ఉతకండి. తర్వాత తడితడిగా ఎండలో పరచండి. ఆరబోతుంటే మళ్లీ నీళ్లు చిలకరించండి. రెండు మూడు రోజులు అలా చేస్తే పసుపు చాలావరకు దిగుతుంది. తెల్ల నూలుకి ఎండే మందు. గుంటూరులో ఎండకి కరువా!

మొదటి శ్రోత: పెట్టె తుప్పు కూడా రెండుచోట్ల అంటిందండి.

మేడం: నిమ్మరసంలో ఉప్పు కలిపి ఆ మరక మీదే రాయండి, జరీకి తగలనివ్వకండి. అరగంట ఎండలో ఉంచి బాగా జాడించండి. ఆఖరున నీలిమందు. సబ్బు, కుంకుడు రసం పూర్తిగా పోయాకే పెట్టాలి. పొడి అయితే నీళ్లలో చల్లేయకూడదు. గుడ్డలో మూటకట్టి నీళ్లలో ఆడించి, రంగు దోసిట్లో చూసుకోవాలి. కాపురానికొచ్చిన కొత్తలో నేను మావారి పెళ్లి చొక్కాని మబ్బు పట్టిన ఆకాశంలా చేశాను. వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచితే బతికిపోయాను.

మొదటి శ్రోత: కట్టుకునే రోజుకి గంజి పెట్టాలి కదండీ. కుక్కరు వచ్చాక వార్చిన గంజి ఎక్కడిది మాకు?

మేడం: రెండు చెంచాల బియ్యప్పిండి చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, లీటరు మరిగే నీళ్లలో పోసి తిప్పుతూ ఉండండి. చిక్కబడి నిగనిగలాడితే దింపి, పల్చటి గుడ్డలో వడగట్టండి. వడగట్టకపోతే మెతుకులంటినట్టు అక్కడక్కడా పట్టుకుంటుంది.

మొదటి శ్రోత: ఇంకొక్కటండి. ఓ మూలన చిన్న నల్ల గుర్తుంది. రెండు గీతలు, మధ్యలో చుక్క. ఎంత రుద్దినా పోవట్లేదు.

మేడం: (నవ్వుతూ) అది మరక కాదమ్మా, రేవుకి వేసినప్పుడు పెట్టిన గుర్తు. నల్లజీడి గింజ. ఇంగ్లీషులో కూడా దాని పేరు మార్కింగ్ నట్టే. నూరి సిరాలా వాడేవాళ్లనుకుంటా. బట్ట చిరుగుతుందేమో గానీ అది పోదు.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్, విజయవాడ సింగ్‌నగర్ నుంచి.

రెండో శ్రోత: మేడం, మా నాయనమ్మ ఇత్తడి ఇస్త్రీ పెట్టె మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాను. బొగ్గులేసి వాడదామని సరదా.

మేడం: తలుపులేసిన గదిలో మాత్రం వద్దు నాయనా. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిప్పు బయటే రాజేసి, చిటపటలు ఆగాకే పెట్టెలో వేసి, గాలి ఆడే చోట వాడాలి. ముందు పాతగుడ్డ మీద ఒకసారి తోయి, అడుగున మసి ఉంటే అక్కడే తెలుస్తుంది. బట్టకి నీళ్లు చిలకరించి చుట్టచుట్టి అరగంట ఉంచు. నూలుకి తడి ఉంటేనే ముడత లొంగుతుంది. ఆ పెట్టెకి కరెంటు పెట్టెలాగా చుక్కల లెక్క ఉండదు. కరెంటు దానికి ఒక చుక్కంటే 110 డిగ్రీలు, మూడంటే 200. దీనికి నీ చెయ్యే లెక్క. పట్టుచీరల జోలికి వెళ్లకు.

వ్యాఖ్యాత: కృష్ణలంక నుంచి ఓ పెద్దాయన చాలాసేపట్నుంచి లైన్లో ఉన్నారు.

మూడో శ్రోత: నమస్తే అండి. ఆ నల్లజీడి గురించి చెబుదామని. మేడంగారు ఏమీ అనుకోకూడదు. దాన్ని నూరరండి. నూరితే చేతులు బొబ్బలెక్కిపోతాయి. గింజలో సూది గుచ్చి, ఆ రసంతో గుడ్డ మీద పొడుస్తారు. పైన తడిసున్నం అద్దితే నల్లగా తేలుద్ది. మా అమ్మ బందరు కాలవ రేవులో ఉతికేది. నేనిప్పుడు ఇస్త్రీ బండి పెట్టుకున్నాలెండి.

మేడం: ఇన్నేళ్లు తప్పు చెప్పానన్నమాట. చెప్పండి, చెప్పండి.

మూడో శ్రోత: అప్పుడు సబ్బెక్కడిదండీ. చౌడుమట్టి నీళ్లలో కలిపి, తేరిన నీళ్లలో బట్టలు ముంచి, బాన మీద పేర్చి రాత్రంతా ఆవిరి పట్టించేది. తెల్లారి బండకేసి కొడితే మల్లెపూవల్లే వచ్చేయి. వేసంగిలో కాలవలు కట్టేస్తే కృష్ణ ఇసకలో చెలమలు తవ్వుకునేవాళ్లం. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. ఎన్ని ఇళ్లుంటే అన్ని గుర్తులూ ఆమె బుర్రలోనే. ఒక్క చొక్కా తారుమారయ్యేది కాదు.

వ్యాఖ్యాత: మరి రెండు గీతలు, మధ్యలో చుక్క అంటే?

మూడో శ్రోత: ఒక్కో రేవుకి ఒక్కో లెక్కండి, గుంటూరుది నాకెట్టా తెలుసుద్ది? మా అమ్మయితే ఒకింట్లో అన్నదమ్ములు వేరుపడితే పెద్దాయనకి పాత గుర్తే ఉంచేది. చిన్నాయన బట్టలకి అదే గుర్తులో ఓ చుక్క చేర్చేది. కొత్త గుర్తు ఎతుక్కోవక్కర్లేదుగా.

వ్యాఖ్యాత: బ్రాడీపేట అమ్మగారు మళ్లీ చేశారు. చెప్పండమ్మా.

మొదటి శ్రోత: ఇప్పుడే విన్నానండి. మా మామగారు రెండోవాళ్లు. పెద్దమామగారింట్లో కూడా పాత పంచెలున్నాయి. చుక్క ఉందో లేదో సాయంత్రం వెళ్లి చూస్తాను.

మేడం: వెళ్లి చూడు తల్లీ. ఈలోపు ఆ రుద్దడం మాత్రం ఆపు.