బిల్లు పెరిగింది సరే, ఎందుకు పెరిగింది? (ఫోన్-ఇన్ కార్యక్రమం పూర్తి పాఠం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ్టి విషయం ఇంటి బిల్లులు. ఇంకా నంబరు చెప్పనే లేదు, లైన్లన్నీ బిజీ. జనం ఎంత కాగిపోతున్నారో దాన్నిబట్టే తెలుస్తోంది. వినియోగదారుల ఫిర్యాదులు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్న మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, నేరుగా కాల్స్‌లోకి వెళ్లిపోదామా?

సలహాదారు: వెళ్దామండి. ఫోన్ చేసేవాళ్లు బిల్లు చేతిలో పెట్టుకుని మాట్లాడితే మాత్రం బాగుంటుంది. కొత్తదే కాదు, పాతది కూడా.

వ్యాఖ్యాత: మొదటి కాలర్, చెప్పండి.

కాలర్: హలో... హలో సార్, వినబడుతోందా?

వ్యాఖ్యాత: వినబడుతోందమ్మా. మీ రేడియో కాస్త తగ్గించండి, మీ మాటే మీకు తిరిగి వినిపిస్తోంది.

కాలర్: తగ్గించా సార్. కరెంటు బిల్లు గురించి. పోయిన నెల మీద చాలా ఎక్కువొచ్చింది. మావారు పిల్లల మీద పడ్డారు, ఫ్యాన్లు ఆపరు, ఫోన్లు చార్జింగ్‌లోంచి తియ్యరు అని. రోజూ ఇంట్లో ఇదే గొడవ. నిజంగా పిల్లల వల్లేనా మేడమ్?

సలహాదారు: రెండు బిల్లులూ ఉన్నాయామ్మా? కట్టాల్సిన మొత్తం చూడకండి. యూనిట్లు ఎన్నో చెప్పండి.

కాలర్: పోయినసారి 210. ఈసారి 268.

సలహాదారు: మీటరు చూసిన తేదీలు కూడా ఉంటాయి, కిందటిదీ ఇప్పటిదీ. ఎన్ని రోజులకు వేశారు?

కాలర్: ఉండండి... పోయినసారి 29 రోజులు. ఇదేమో... ఒరేయ్, లెక్కపెట్టరా... 37 మేడమ్.

సలహాదారు: చూశారా. 210ని 29తో భాగిస్తే రోజుకు 7.24 యూనిట్లు. 268ని 37తో భాగించినా అంతే, 7.24. మీ పిల్లలు రోజూ ఎంత వాడేవాళ్లో అంతే వాడారమ్మా. మీటరు చూసే కరెంటు కంపెనీవాళ్లు ఎనిమిది రోజులు ఆలస్యంగా వచ్చారు, అంతే.

కాలర్: (నవ్వు) ఉండండి, ఆయన్ని పిలుస్తా.

వ్యాఖ్యాత: పిలవక్కర్లేదు లెండి, పక్క గదిలో వింటూనే ఉంటారు.

సలహాదారు: కథ అక్కడితో అయిపోలేదు. మీ దగ్గర శ్లాబు పద్ధతి ఉంటే, ఒక హద్దు దాటిన యూనిట్లకు రేటు ఎక్కువ పడుతుంది. ఆ హద్దు నెలకని పెట్టింది. ముప్పై ఏడు రోజుల వాడకాన్ని నెల హద్దుతోనే కొలిస్తే, మీరు అదనంగా వాడకపోయినా కొన్ని యూనిట్లు పై శ్లాబులోకి ఎక్కుతాయి. కాబట్టి అడగాల్సింది ఒక్కటే: శ్లాబు హద్దును రోజుల లెక్కన సవరించి వేశారా, లేదా? కాగితం మీద రాసి అడగండి. ఫోన్‌లో అడిగితే ‘చూస్తామమ్మా’ అంటారు, ఇక అంతే సంగతులు. ఫిర్యాదు నంబరు చేతికొచ్చేదాకా కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు. ఇంకోటి, రీడింగ్ పక్కన ‘సగటు’ అనో ‘అంచనా’ అనో ఉందేమో చూసుకోండి. ఉంటే, అసలు మీటరు చూడకుండానే వేసిన బిల్లు అది.

కాలర్: థాంక్యూ మేడమ్. ముందు ఈ లెక్క ఆయనకు చూపిస్తా.

వ్యాఖ్యాత: తర్వాతి కాలర్, నమస్కారం.

కాలర్: నమస్కారమండీ. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ని. నాకో సందేహం. వార్తల్లో ద్రవ్యోల్బణం తగ్గిందంటారు. దుకాణానికి పోతే ఏ ఒక్కటీ తగ్గదు. ఎవరు అబద్ధమాడుతున్నట్టు?

సలహాదారు: ఎవరూ ఆడటం లేదు మాస్టారూ, కానీ చెప్పాల్సినట్టు చెప్పడం లేదు. ఒక వస్తువు వంద ఉందనుకోండి. ఒక ఏడాది 8 శాతం పెరిగింది, 108. మరుసటి ఏడాది ద్రవ్యోల్బణం 3 శాతానికి తగ్గింది అన్నారు. అంటే 111 దాటింది. తగ్గింది పెరిగే వేగం. ధర ఇంకా పైకే పోతోంది.

కాలర్: మరి పాత ధర మళ్లీ రాదా?

సలహాదారు: కొన్నిటికి వస్తుంది, పంట మీద ఆధారపడేవాటికి. మొత్తం ఖర్చు మాత్రం వెనక్కి రావడం అరుదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆంక్షలు పెడితే, కొద్ది నెలల్లో పీపా ధర దాదాపు నాలుగింతలైంది. 1974 మార్చిలో ఆంక్షలు ఎత్తేశారు. ధర పాత చోటికి వచ్చిందా? రాలేదు.

కాలర్: అదే నా బాధ. పింఛను అక్కడే ఉంది.

సలహాదారు: ఇంకోటుంది మాస్టారూ. ఆ అంకె అందరి ఖర్చులూ కలిపి తీసిన సగటు. ఎర్న్‌స్ట్ ఎంగెల్ అని ఒక జర్మన్ గణాంక శాస్త్రవేత్త 1857లోనే చెప్పాడు, ఆదాయం తక్కువున్న ఇంట్లో తిండికి పోయే వాటా ఎక్కువని. కాబట్టి తిండి ధరలు పెరిగితే సగటు అంకె చిన్నదే అయినా మీకు పడేది పెద్ద దెబ్బ. పెద్ద వయసువాళ్లకు దాని మీద మందుల ఖర్చు, గోరుచుట్టు మీద రోకటిపోటు. మీ ఖర్చుల పుస్తకం ఉంటే, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చి మీ సొంత శాతం తీసుకోండి. పింఛను పెంచమని అర్జీ పెట్టేటప్పుడు అదే పెట్టండి.

కాలర్: పుస్తకం ఉంది. నలభై ఏళ్లదీ ఉంది.

వ్యాఖ్యాత: మాస్టారు కదా మరి! ఇంకో కాల్. హలో?

కాలర్: ఒకటే ప్రశ్న సార్. ప్యాకెట్ ధర అదే, లోపల సరుకు తగ్గుతోంది. ఇది మోసం కాదా?

సలహాదారు: బరువు తగ్గించి ప్యాకెట్ మీద సరిగ్గానే వేస్తే చాలాచోట్ల చట్టం ఊరుకుంటుంది. నన్నడిగితే దొంగదెబ్బే. 500 గ్రాములది 450 అయి ధర మారకపోతే గ్రాముకు 11 శాతం పెరిగినట్టు. ధర కాదు, గ్రాము రేటు చూడండి.

వ్యాఖ్యాత: తర్వాత ఎవరు?

కాలర్: నమస్తే మేడమ్. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. అద్దె పెంచారు. జీతం ఇరవయ్యో తారీఖుకే అయిపోతోంది, సరుకులు క్రెడిట్ కార్డు మీద తెచ్చుకుంటున్నా. నెలనెలా ‘కనీస మొత్తం’ కట్టేస్తున్నా, ఆలస్యం చెయ్యట్లేదు. అయినా బాకీ తగ్గట్లేదు.

సలహాదారు: తగ్గదు నాయనా. వడ్డీ నెలకు ఎంత?

కాలర్: 3 శాతం అని ఉంది.

సలహాదారు: చిన్నగా కనిపిస్తుంది కదూ? చక్రవడ్డీతో ఏడాదికి 42.6 శాతం. కనీస మొత్తంలో ఎక్కువ భాగం ఆ వడ్డీకే సరిపోతుంది. పైగా పాత బాకీ మిగిలి ఉంటే, చాలా కార్డుల్లో కొత్తగా కొన్నదానికి కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నువ్వు ఈ నెల తెచ్చిన సరుకులకు కూడా.

కాలర్: అది తెలీదు మేడమ్. మరి ఏం చెయ్యాలి? ఒక యాప్‌లో నిమిషంలో లోన్ ఇస్తామంటున్నారు...

సలహాదారు: వద్దు. ఆ పని మాత్రం చెయ్యకు. ముందు కార్డు వాడకం ఆపు. చేతిలో ఉన్న డబ్బు తలదాచుకునే చోటుకీ, తిండికీ, మందులకీ, కరెంటూ నీళ్లకీ. ఆ తర్వాత ఎక్కడ వడ్డీ ఎక్కువో అక్కడ కట్టు. కార్డు బాకీని తక్కువ వడ్డీకి వాయిదాలుగా మార్చమని బ్యాంకుకు నువ్వే రాయి, గడువు దాటకముందే. గడువు దాటాక అడిగేవాడి మాటకు విలువ పడిపోతుంది. వాళ్లు ఒప్పుకుంటే మొత్తం ఎంత కట్టాలో కాగితం మీద తీసుకో, ఒక్క నెల వాయిదా చూసి సరే అనెయ్యకు. ఇంట్లో చెప్పావా?

కాలర్: చెప్పలేదు.

సలహాదారు: చెప్పు. డబ్బు అడగమని కాదు. నువ్వు బాగానే ఉన్నావనుకుని వాళ్లు నీ మీద పెట్టుకున్న ఖర్చులు కూడా ఉంటాయి కదా.

కాలర్: ...ఉన్నాయి మేడమ్.

వ్యాఖ్యాత: ఇంకో కాలర్ చాలాసేపటి నుంచి ఆగి ఉన్నారు. చెప్పండి.

కాలర్: ఆగి ఆగి విసుగొచ్చిందండీ! ఎప్పుడు చూసినా మాకే సలహాలు. లైటార్పండి, పుస్తకం రాయండి. పెంచేది వాళ్లు, పొదుపు మాది. లైటార్పితే ఎంత మిగుల్తుంది చెప్పండి?

సలహాదారు: ఏమీ మిగలదండి.

కాలర్: ...ఆఁ?

సలహాదారు: 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక యూనిట్ కాల్చాలంటే 111 గంటలు వెలగాలి. రాత్రీ పగలూ నాలుగున్నర రోజులకు పైనే. అదే 20 లీటర్ల నీళ్లు 40 డిగ్రీలు వేడెక్కించండి, దాదాపు ఒక యూనిట్ అక్కడే అయిపోతుంది. వేడి పుట్టించేవీ చల్లబరిచేవీ, బిల్లు అక్కడ కదులుతుంది. బల్బు కోసం పిల్లల్ని తిట్టడం అనవసరం.

కాలర్: మరి పెంచేవాళ్ల సంగతి?

సలహాదారు: మీ కోపం న్యాయమే. బిల్లులో స్థిర చార్జీ అని ఒకటుంటుంది. ఇల్లు తాళం వేసి ఊరెళ్లినా పడుతుంది. దాన్ని ఏ పొదుపూ తగ్గించలేదు. చాలా దేశాల్లో రేటు పెంచే ముందు నియంత్రణ మండలి ప్రజల అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణ పెడుతుంది. పెంచాక రోడ్డు మీద అరవడం కంటే అక్కడికి వెళ్లడం నయం. స్థిర చార్జీ ఎన్నిసార్లు పెరిగిందో మీ పాత బిల్లులు చూపించి అడగండి.

కాలర్: ఆ విచారణలకు ఎవరొస్తారండీ?

సలహాదారు: కంపెనీ తరఫు వకీళ్లు తప్పకుండా వస్తారు.

కాలర్: (నవ్వు) సరే, ఈసారి తేదీ చూస్తా.

వ్యాఖ్యాత: చివరి కాల్. సమయం కొంచెమే ఉంది, త్వరగా.

కాలర్: నా మీటరు ఎక్కువ తిరుగుతోందని అనుమానం మేడమ్. ఎలా తెలుసుకోవాలి?

సలహాదారు: ఇప్పుడే చూద్దాం. మీటరు దగ్గరికి వెళ్లగలరా? ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపండి, ఫ్రిజ్‌తో సహా.

కాలర్: ఇంటరు చదివే మా అబ్బాయి ఉన్నాడు, ఆపుతున్నాడు... అన్నీ ఆపేశాం. మీటరు మీద ఎర్ర లైటు ఇంకా మినుకుతోంది మేడమ్.

సలహాదారు: అది మినుకుతోందంటే కరెంటు ఇంకా పోతోందన్నమాట. మెయిన్ స్విచ్ దించండి.

కాలర్: దించా. ఆగింది.

సలహాదారు: అయితే మీటరు మీద అనుమానం తగ్గింది. మెయిన్ దించినా మినుకుతూంటే లోపం మీటరులోనో, మెయిన్‌కు ముందున్న వైరులోనో అనుకోవాలి. ఇప్పుడు బ్రేకర్లన్నీ దించి, మెయిన్ ఎత్తి, ఒక్కొక్కటే ఎత్తండి.

కాలర్: మొదటిది... లేదు. రెండోది... లేదు. మూడోది... ఆఁ, మొదలైంది! అది వెనక మోటారుది. మోటారు స్విచ్ ఆఫ్‌లోనే ఉంది కదా మేడమ్!

సలహాదారు: ఆఫ్‌లో ఉండి కూడా మినుకుతోందంటే కరెంటు ఎక్కడో లీకవుతూ ఉండొచ్చు. ఇక బిల్లు సంగతి తర్వాత. ఆ బ్రేకర్ వెంటనే దించెయ్యండి. మోటారునీ దాని పైపునీ ఎవరూ ముట్టుకోకూడదు, షాక్ కొట్టొచ్చు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా అది కిందికే ఉండాలి.

కాలర్: దించేశాను. అబ్బాయిని కూడా అటు పోవద్దన్నా.

వ్యాఖ్యాత: లైన్ పెట్టెయ్యకండమ్మా, ఎలక్ట్రీషియన్‌కు ఏం చెప్పాలో మేడమ్ మీతో విడిగా మాట్లాడతారు. మిగతా కాలర్లు వచ్చే కార్యక్రమానికి రెండు బిల్లులూ దగ్గర పెట్టుకోండి. నమస్కారం.